పావు దగ్గర ఆగిన ముల్లు

మెకానిక్ షెడ్లలో నలభై ఏళ్ళు పనిచేసి దిగినవాణ్ణి. ఇంజన్లు దించాను, గేరుబాక్సులు విప్పాను. పెన్నలో రెండు రోజులు మునిగిన లారీని మళ్ళీ రోడ్డెక్కించాను. వాటి గురించి ఎవరైనా అడిగితే పొద్దు గుంకేదాకా చెప్పగలను. ఆ మధ్య కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్ళు కొందరు నన్ను చూడవచ్చి, మీ పనిలో మరిచిపోలేనిది ఏదని అడిగారు. అప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ఇంజన్లూ కాదు, లారీలూ కాదు. అరగంటలో అయిపోయిన ఒక చిన్న పని. ఐదు స్క్రూలు విప్పి, మళ్ళీ ఐదు స్క్రూలు బిగించిన పని. వాళ్ళకు మునిగిన లారీ కథ చెప్పి పంపేశాను. అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను. చదివితే ఇదే చదవండి.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారిన కొత్త. నాకు ఇరవై నాలుగేళ్ళు. ప్రొద్దుటూరులో ఎర్రగుంట్లకు పోయే రోడ్డు మీద ఒక రిపేరు షెడ్డులో పనిచేసేవాణ్ణి. షెడ్డు యజమానిని మేమంతా ఉస్తాదు అనేవాళ్ళం. యుద్ధం రోజుల్లో మిలిటరీ వర్క్‌షాపులో పని నేర్చుకున్న సాయిబు. మాట తక్కువ. ఇంజను చప్పుడు వినగానే జబ్బేమిటో ఆయనకు తెలిసిపోయేది. అయినా తన చెవిని తాను నమ్మేవాడు కాదు. విప్పి, కంటితో చూసి, చేత్తో తడిమి, అప్పుడు మాత్రమే నోరు తెరిచేవాడు. ఆ జాగ్రత్త నాకు చాదస్తంగా కనిపించేది. నాలుగేళ్ళు పనిచేశాక, ఉస్తాదు దగ్గర నేర్చుకోవలసింది ఇంకేమీ లేదనుకునే దశకు నేను చేరుకున్నాను.

ఊళ్ళో కొందరు వర్తకులు కలిసి ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రి నడిపేవారు. ఎనిమిది మంచాలు, ఇద్దరు నర్సులు. లేడీ డాక్టరు జమ్మలమడుగులో కాపురముండేది. పొద్దున ఆమెను తీసుకురావడానికీ, సాయంత్రం దించడానికీ, మధ్యలో పల్లెల్లో కాన్పు కష్టమైన ఆడవాళ్ళను మోసుకురావడానికీ ఆసుపత్రికి ఒక వ్యాను ఉండేది. మిలిటరీవాళ్ళు అమ్మేసిన పాత బండి. వెనక సీట్లు తీసేసి ఒక మంచం బిగించారు. అప్పట్లో పల్లెల్లో పురుడు అడ్డం తిరిగితే ఎద్దులబండే గతి. అందుకే ఆ వ్యాను రోడ్డు మీద పోతుంటే పొలాల్లో ఉన్న ఆడవాళ్ళు నడుం ఎత్తి చూసేవాళ్ళు.

దాని డ్రైవరుది ఎర్రగుంట్ల. యాభైకి దగ్గర పడిన మనిషి. మిలిటరీలో లారీలు నడిపి వచ్చాడు. బంధుత్వం ఏమీ లేకపోయినా నేను మామా అనేవాణ్ణి. ఆయన మాత్రం పసిపిల్లాడి నుంచి పండుముసలి దాకా అందరినీ అప్పా అనేవాడు. ఆ బండిలో పెట్రోలు మీటరు చాలాకాలంగా చచ్చిపోయి ఉంది. ట్యాంకు నిండుగా ఉన్నా ముల్లు సున్నా మీదే పడుకుని ఉండేది. ఆయన గాట్లు పెట్టిన వెదురు పుల్ల ఒకటి సీటు పక్కన పెట్టుకుని, బండి కదిలే ముందు ప్రతిసారీ ట్యాంకులో ముంచి చూసుకునేవాడు. "మీటరు గుడ్డిదైతే ఏమప్పా, నా పుల్లకు కండ్లుండాయి" అనేవాడు. ఆ పుల్ల ఉన్నన్నాళ్ళూ ఆ బండి పెట్రోలు లేక ఒక్కసారి కూడా ఆగలేదు. ఈ మాట మీరు బాగా గుర్తుంచుకోవాలి.

మీటరు బాగుచేయించాలన్నది ఆసుపత్రి కార్యదర్శి ఆలోచన. రిటైరైన బడిపంతులు, నిక్కచ్చి మనిషి. లేడీ డాక్టరు ముందు సీట్లో కూర్చుని ఉండగా డ్రైవరు దిగి, పుల్ల ముంచి, దాన్ని ఎండకు పట్టి చూడటం ఆయనకు నామోషీగా ఉండేదట. మద్రాసుకు ఉత్తరం రాసి కొత్త భాగం తెప్పించాడు. పార్శిలు ఎర్రగుంట్ల స్టేషనుకు వచ్చింది. నేనే పోయి తెచ్చాను.

ఆ భాగం గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. ట్యాంకు పైన ఒక మూత, మూత కింద ఒక సన్నని కడ్డీ, కడ్డీ చివర గుడ్డంత ఇత్తడి డొల్ల. దాన్ని ఫ్లోటు అంటాం. పెట్రోలు పెరిగితే ఫ్లోటు పైకి తేలుతుంది, తగ్గితే దిగుతుంది. ఆ కదలికను బట్టి తీగలో కరెంటు మారి, డ్రైవరు ముందున్న ముల్లు కదులుతుంది. పాత ఫ్లోటుకు చిల్లి పడి, లోపలికి పెట్రోలు చేరి మునిగిపోయింది. అందుకే ముల్లు సున్నా దగ్గర ఉండిపోయింది. వచ్చిన కొత్తది ఈ బండిది కాదు, ఇలాంటి ఇంకో బండిది. కడ్డీ కాస్త పొడుగు. వంచి సరిపెట్టుకోవాలి. అదేమీ పెద్ద విద్య కాదు.

ఆ రోజు ఉస్తాదు కడపలో బంధువుల పెళ్ళికి బయలుదేరుతున్నాడు. పోతూ పోతూ నాతో అన్నాడు. "ట్యాంకు ఖాళీ చేసి బిగించు. సున్నా కాడ ముల్లు యాడుండాదో చూడు. ఆనెంక వొక్కో గ్యాలనూ పోస్తా చూడు. తొందరపడొద్దు."

సరేనన్నాను. కానీ ట్యాంకులో సగానికి సగం పెట్రోలు ఉంది. దాన్నంతా డబ్బాల్లోకి దించి, మళ్ళీ పోయాలంటే పూట పడుతుంది. లేడీ డాక్టరును దించడానికి బండి జమ్మలమడుగు పోవాలని కార్యదర్శి మనిషిని పంపాడు. మూత పైనుంచే ఊడుతుంది కదా, ఖాళీ చేయడమెందుకు అనుకున్నాను. కడ్డీ వంచి, లోపలికి దించి, ఐదు స్క్రూలు బిగించాను. తీగ తగిలించగానే ముల్లు ప్రాణమొచ్చినట్టు లేచి సగం దగ్గర నిలబడింది. డ్రైవరు పుల్ల ముంచి చూశాడు. సగమే. ట్యాంకు నింపి చూశాం. ముల్లు చివరిదాకా పోయింది. సగం సరిపోయింది, నిండు సరిపోయింది. ఇంకేం కావాలి?

షెడ్డులో అందరూ చూస్తున్నారు. నాకు ఉత్సాహం ఆగలేదు. డ్రైవరు చేతిలోని పుల్ల తీసుకుని మోకాలికి పెట్టి విరిచేశాను.

"ఇంగ దీంతో పనేంది మామా!"

ఆయన ఒక్క క్షణం ముక్కల వైపు చూసి, తర్వాత నవ్వేశాడు. "సరేలేప్పా. నీ మాట మీద నమ్ముతాండా" అన్నాడు.

మూడు వారాలు బాగానే గడిచింది. డ్రైవరు కనిపించినప్పుడల్లా మీటరు గురించి మెచ్చుకునేవాడు. ఆ రోజుల్లో ట్యాంకు ఎప్పుడూ సగానికి కిందికి పెద్దగా దిగలేదు. అందుకే ఏదీ బయటపడలేదు.

తర్వాత ఒక గురువారం. ఎండలు మండుతున్న కాలం. పులివెందుల అవతలి పల్లె నుంచి ఒక రైతు మొదటి బస్సుకు ప్రొద్దుటూరు వచ్చాడు. భార్యకు ముందటి రోజు నుంచి నొప్పులు, మంత్రసాని చేతులెత్తేసిందట. వెంటనే డ్రైవరు, ఒక నర్సు, ఆ రైతు వ్యానులో బయలుదేరారు. పల్లె చేరి, ఆమెను ఎక్కించుకుని, మధ్యాహ్నానికి పులివెందుల మీదుగా తిరుగుదారి పట్టారు. తర్వాత జరిగింది నాకు నర్సు చెప్పింది, డ్రైవరు చెప్పాడు. ఇద్దరి మాటలకూ తేడా లేదు.

పులివెందులలో డ్రైవరు పెట్రోలు పోయించుకుందామని బండి నెమ్మది చేశాడు. ముల్లు చూస్తే పావు దగ్గర ఉంది. పావు అంటే ఇల్లు చేరడానికి సరిపోతుంది. వెనక ఆమె అరుస్తోంది. బంకు దగ్గర రెండు లారీలు ముందున్నాయి. అక్కడ ఆగితే ఆలస్యమని ఆయన ఆగకుండా పోనిచ్చాడు. ఆమె కోసమే ఆగలేదు.

ముద్దనూరు ఇంకా ఐదారు మైళ్ళుందనగా బండి రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి నిలిచిపోయింది. ముల్లు అప్పటికీ పావు మీదే ఉంది. అందుకే పెట్రోలు అయిపోయిందన్న ఆలోచన ఆయనకు మొదట రాలేదు. ఇంజను మూత ఎత్తి అదీ ఇదీ చూశాడు. చూసి చూసి, చివరకు ట్యాంకు మూత తీసి లోపలికి ఒక గుడ్డపేలిక వేలాడదీసి పైకి లాగాడు. పొడిగా వచ్చింది.

చుట్టూ ఒక చెట్టు నీడ కూడా లేని చోటు. నర్సూ, రైతూ చీర ఒకటి పట్టుకుని వ్యాను తలుపుకు అడ్డం కట్టారు. డ్రైవరు ముద్దనూరు వైపు పరుగెత్తాడు. యాభై ఏళ్ళ మనిషి ఆ ఎండలో నాలుగు మైళ్ళు పరుగెత్తాడు. చివరకు నాపరాళ్ళు ఎత్తుకుని ఎదురొచ్చిన ఒక లారీ ఆగింది. అందులో డబ్బా పెట్రోలు ఉంది. అంతా కలిసి రెండున్నర గంటలు పోయింది.

ఎర్రగుంట్ల దాటాక, పెన్న వంతెన ఇంకా రాకముందే, బిడ్డ వ్యానులోనే పుట్టాడు. మగపిల్లాడు. ఏడవలేదు. నర్సు కాళ్ళు పట్టి తట్టింది, నోట్లోకి ఊపిరి ఊదింది. లాభం లేకపోయింది. తల్లిని లేడీ డాక్టరు ఎలాగో బతికించింది. "రెండు గంటలు ముందొచ్చి ఉంటే బిడ్డ దక్కేవాడా?" అని కార్యదర్శి అడిగాడట. "దక్కేవాడేమో. నేను చెప్పలేను" అందట ఆమె.

మరునాడు శుక్రవారం. డ్రైవరు వ్యానును షెడ్డుకు తెచ్చాడు. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. పాదాలు బొబ్బలెక్కి చెప్పులు చేత్తో పట్టుకుని దిగాడు.

"ట్యాంకు యాడన్నా కారుతాందేమో చూడప్పా" అన్నాడు నాతో. "పావు పెట్రోలు యాడికి పోయిందో నాకు తెలిసిరాలే."

ఉస్తాదు జుమా నమాజుకు పోయి ఉన్నాడు. డ్రైవరు ఆసుపత్రికి నడిచి వెళ్ళిపోయాడు. నేను ఒక్కణ్ణే మిగిలాను. ట్యాంకు కిందికి దూరి చూశాను. ఎక్కడా తడి లేదు. లారీవాడు పోసిన పెట్రోలు మిగిలింది కొంచెం ఉంటే దించేశాను. ట్యాంకు పూర్తిగా ఖాళీ. లేచి ముందుకు పోయి ముల్లు చూశాను.

పావు దగ్గర ఉంది.

మళ్ళీ ట్యాంకు దగ్గరికి పోయాను. మూత ఊడదీశాను. ట్యాంకు లోపల, కుదుపులకు పెట్రోలు ఎగరకుండా ఒక అడ్డరేకు ఉంటుంది. నేను వంచిన కడ్డీ ఒక వేలెడు పక్కకు పోయింది. ఫ్లోటు దిగుతూ దిగుతూ పావు దగ్గర ఆ రేకు అంచు మీద కూర్చుంటోంది. ఇత్తడి మీద గీత కూడా పడింది. ఖాళీ ట్యాంకుతో ఒక్కసారి చూసి ఉంటే ఆ రోజే తెలిసేది. ఉస్తాదు చెప్పింది సరిగ్గా అదే.

తర్వాత నేను చేసిన పని చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది. కడ్డీని సరిగ్గా వంచాను. గీత పడిన చోట గరుకు కాగితంతో రుద్ది కనబడకుండా చేశాను. మళ్ళీ బిగించాను. ఈసారి ఖాళీ ట్యాంకుతో చూశాను, ఒక్కో గ్యాలనూ పోస్తూ చూశాను. అచ్చంగా ఉస్తాదు చెప్పినట్టే చేశాను. ముల్లు సున్నా నుంచి తూకం వేసినట్టు లేచింది. నమాజు ముగించుకుని ఉస్తాదు వచ్చేసరికి నేను చేతులు తుడుచుకుంటున్నాను.

"ట్యాంకు కారుతాందా?"

"ల్యా ఉస్తాద్."

"మీటరు?"

"బాగా పనిచేస్తాంది."

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. నా జీవితంలో చెప్పిన అతిపెద్ద అబద్ధం అదే.

సోమవారం కార్యదర్శి, ఆసుపత్రి పెద్దలు ఇద్దరు, డ్రైవరు కలిసి షెడ్డుకు వచ్చారు. మీటరు తప్పా, మనిషి తప్పా తేల్చాలన్నారు. ఉస్తాదు ఊరికే మాటతో సరిపెట్టే మనిషి కాదు కదా. అందరి ముందూ ట్యాంకు ఖాళీ చేయించాడు. ముల్లు సున్నా మీద పడింది. ఒక్కో గ్యాలనూ పోయించాడు. పోసింది నేనే. పోసిన ప్రతిసారీ ముల్లు ఎంత లేవాలో అంతే లేచింది.

"మీటరు నిజం చెప్తాండాది" అన్నాడు ఉస్తాదు. తన కంటితో చూసిందే చెప్పాడు. ఆయన మాట మీద ఆ ఊళ్ళో ఎవరూ రెండో మాట అనరు.

పెద్దల్లో ఒకాయన డ్రైవరు వైపు తిరిగాడు. "పావు ట్యాంకు అంటే రెండు గ్యాలన్ల పైమాట. అది యాడికి పోయిందప్పా? పులివెందులలో బండి ఎంతసేపు నిలిపినావు?"

ఆ మాట వెనక ఏముందో అందరికీ అర్థమైంది. డ్రైవరుకు అందరికంటే ఆలస్యంగా అర్థమైంది. అర్థమయ్యాక మొహం నల్లబడింది.

"నేను పెట్రోలు అమ్ముకుంటినా సార్? కడుపుతో ఉండే ఆయమ్మను ఎనకేసుకోని?"

"మరి ముల్లు పావు చూపిస్తే బండి ఎట్లా ఆగింది?" కార్యదర్శి అడిగాడు. ఆయన గొంతులో కోపం లేదు. బడిలో లెక్క తప్పిన పిల్లవాణ్ణి అడిగినట్టు అడిగాడు.

డ్రైవరు వ్యానులోకి వంగి ముల్లు వైపు చూశాడు. "పావు చూపించింది సార్. నా కండ్లకు అట్లే కనపడింది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, తనలో తాను అన్నట్టు, "నా కండ్లే చెడినాయేమో" అన్నాడు.

ఖాళీ డబ్బా పట్టుకుని ఆయనకు మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

ఆ సాయంత్రమే ఆయన్ను పనిలోంచి తీసేశారు. ఎర్రగుంట్లకు వెళ్ళిపోయాడు. బస్టాండులో, టీ అంగళ్ళలో 'పెట్రోలు దొంగ' అన్న మాట తిరిగింది. దొంగతనం ఒక్కటే కాదు, బిడ్డ ప్రాణం తీసిన దొంగతనం. లారీల యజమానులు ఎవరూ ఆయన్ను పనికి పిలవలేదు. రేపు చెబుదాం అనుకునేవాణ్ణి. తెల్లారాక, ఇప్పుడు చెబితే ఇన్ని రోజులు ఎందుకు దాచావంటారని భయం వేసేది. ఒక రోజు ఆలస్యమైతే రెండో రోజు చెప్పడం రెండింతలు కష్టమవుతుంది. పది రోజులు అలాగే గడిచాయి.

పదకొండో రోజు పొద్దున, షెడ్డు తెరిచిన కాసేపటికి డ్రైవరు వచ్చాడు. మనిషి సగమయ్యాడు. నేరుగా ఉస్తాదు దగ్గరికి పోయి జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"కడపకు పోయొచ్చినా అప్పా. పెద్దాసుపత్రిలో కండ్లు చూపించుకుంటి. చూడు, ఏం రాసినారో. దూరం చూపు బాగుండాదంట, దగ్గర చూపు బాగుండాదంట. రంగులు కూడా చూపించి అడిగినారు. ఏమీ తప్పు ల్యాదంట." కాగితం ఉస్తాదు ముందు పెట్టాడు. "నా ఉద్యోగం అడగడానికి రాలే. నువ్వు మిషన్లు తెలిసినోనివి. కండ్లు బాగుంటే, మీటరు బాగుంటే, నాకు పావు యాల కనపడిందో చెప్పు. అది తెలీకుంటే నాకు నిద్ర పట్టదప్పా."

ఉస్తాదు ఆ కాగితం తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

నేను బెంచీ దగ్గర కార్బురేటరు విప్పుతున్నాను. చేతిలో స్పానరు ఎప్పుడు కింద పడిందో తెలియదు. వాళ్ళ దగ్గరికి పోయి నిలబడ్డాను.

"నీ కండ్లు మంచివే మామా. ముల్లే తప్పు. నేను బిగించింది తప్పు. బండి తెచ్చిన రోజు చూసినా. దాన్ని సరిచేసి ఎవరికీ చెప్పకుండా ఉంటి."

ఉస్తాదు కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. ఆయన కాగితం మడిచి డ్రైవరు జేబులో పెట్టాడు. డ్రైవరు పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డాడు.

"అంటే పావు నిజంగానే కనపడిందన్నమాట" అన్నాడు. ఆయన మొదట అన్న మాట అది. తర్వాత తలెత్తి, "దాచినావు యాలప్పా?" అన్నాడు.

"భయమైంది మామా."

"నాకూ భయమైంది, ఆ రోడ్డు మీద. అయినా పరిగెత్తితి కదా."

కింద పడ్డ స్పానరు తీసి బెంచీ మీద పెట్టాను.

ఉస్తాదు టోపీ తీసుకుని లేచాడు. "పా" అన్నాడు నాతో. "కార్యదర్శి కాడ చెప్దువు. నేనూ వస్తా. మీటరు నిజం చెప్తాండాదని అందరిముందరా అన్నోన్ని నేను. నా మాటా ఎనక్కి తీసుకోవాల."

కార్యదర్శి ఇంట్లో నేను చెప్పింది మొత్తం ఆయన కూర్చుని విన్నాడు. కాగితం, కలం ఇచ్చి రాసివ్వమన్నాడు. రాశాను. ఆయన చదివి, ఒక చోట అక్షరం తప్పు దిద్ది, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. "డ్రైవరును మళ్ళీ తీసుకుంటాం. కమిటీ నుంచి క్షమాపణ ఉత్తరం కూడా ఇప్పిస్తాను. తొందరపడింది మేము" అన్నాడు. అప్పటిదాకా గుమ్మం బయట నిలబడ్డ డ్రైవరు లోపలికి వచ్చాడు.

"ఉత్తరం ఊరికి చెప్తాది సార్. ఆ పల్లెకు ఎవరు చెప్పాల? నన్ను ఆయమ్మ ప్రొద్దున లేస్తే తిట్టుకుంటాండాదని వినింటి."

"పచ్చి గాయం మీద మళ్ళీ ఎందుకయ్యా" అన్నాడు కార్యదర్శి. "వాళ్ళకు తెలిసి మాత్రం ఏం లాభం?"

"లాభానికి కాదు సార్." డ్రైవరు నా వైపు చూశాడు. "ఆదివారం బస్టాండు కాడికి రాప్పా. ఇద్దరం పోదాం."

ఆదివారం పొద్దున పులివెందుల బస్సెక్కాం. పక్కపక్కనే కూర్చున్నాం. బస్సు దిగి రెండు మైళ్ళు నడిచాం. దారిలో ఒకచోట నా చెప్పు తెగితే, తన కండువా అంచు చింపి ఇచ్చాడు కట్టుకోమని.

ఆ ఇల్లు ఊరి చివర. భర్త పొలానికి పోయి ఉన్నాడు. ఆమె వసారాలో కూర్చుని విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తోంది. పక్కన అత్త. కోడలికి నా కంటే చిన్న వయసు. మొహం ఇంకా పాలిపోయి ఉంది. డ్రైవరును చూడగానే చేతిలో కాయలు చాటలో పడేసింది.

"ఇంగేం మిగిలిందని వచ్చినావు?" అంది అత్త.

డ్రైవరు పక్కకు తప్పుకుని నన్ను ముందు నిలబెట్టాడు. నేను చెప్పాను. ఫ్లోటు, రేకు అంటే వాళ్ళకు తెలియదు. అందుకని, "పెట్రోలు అయిపోయినా ఉండాదని చూపించే ముల్లు బిగించింది నేను. ఈ మామ దాన్ని నమ్మినాడు. ఈయన తప్పేం ల్యాదు. తెలిసినాక కూడా నేను చెప్పకుండా ఉంటి" అన్నాను.

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. కోడలు ఏడవలేదు. డ్రైవరు వైపు చూసింది.

"నిన్ను శానా తిట్టినా అప్పా. నీ పిల్లోల్లను కూడా తిట్టినా. కడుపు మంటతో."

"తెలీక అన్న మాటలమ్మా. అవేం తగలవు" అన్నాడాయన.

తర్వాత ఆమె నా వైపు తిరిగింది. శాపం పెడుతుందనుకున్నాను. దానికి సిద్ధపడే వచ్చాను.

"ఇప్పుడు ఆ బండి బాగా పోతాందా?" అని అడిగింది.

"పోతాందమ్మా."

"దాంట్లో ఎవరినన్నా తెస్తాండారా?"

"మొన్న రాజుపాలెం పక్కన పల్లె నుంచి ఒకామెను తెచ్చినారంట. వేరే డ్రైవరు పోయినాడు."

"బిడ్డ?"

"బతికిందంటమ్మా. షెడ్డులో చెప్పుకుంటాంటే విన్నా."

ఆమె చాటలో కాయలు రెండు తీసుకుంది. ఒలవలేదు, చేతిలోనే పట్టుకుంది.

"ఆడబిడ్డా, మగబిడ్డా?"

"తెలీదమ్మా."

"కనుక్కోకుండా ఎట్ల వచ్చినావప్పా?" అంది.

అందులో కోపం లేదు. నిష్ఠూరం కూడా లేదు. అంత ముఖ్యమైన సంగతి ఒక మనిషి తెలుసుకోకుండా ఎలా ఉండగలిగాడని నిజంగా ఆశ్చర్యపడి అడిగినట్టుంది. మేము వచ్చిన దారినే తిరిగి నడిచాం.

ఉస్తాదు నన్ను పనిలోంచి తీసేయలేదు. ఆరు నెలలు మాత్రం స్పానరు ముట్టుకోనివ్వలేదు. ఎవరో విప్పిన సామాన్లు కిరసనాయిల్లో కడగడం, ఊడ్చడం, అంతే. నా కంటే తర్వాత చేరినవాళ్ళు నాకు పని చెప్పేవారు. డ్రైవరు మళ్ళీ వ్యాను ఎక్కాడు. నాతో మాట్లాడేవాడు, కానీ మునుపటి నవ్వు లేదు. నన్ను క్షమించాడో లేదో అడిగే ధైర్యం నాకెన్నడూ రాలేదు. ఆయన పోయిన రోజు ఎర్రగుంట్లకు పోయి పాడె మోశాను.

కుర్రాళ్ళారా, చెడిపోయిన మీటరు ఎవరినీ మోసం చేయదు, ఎందుకంటే దాన్ని ఎవరూ నమ్మరు. మనం బాగుచేశామని చెప్పిన మీటరునే మనుషులు నమ్ముతారు. ఇంతకు మించి నేను నీతులు చెప్పలేను. చెప్పే అర్హత ఉందని కూడా అనుకోను.

ఆ ఆదివారం తర్వాత జరిగింది ఒకటి చెప్పి ముగిస్తాను. మరునాడు షెడ్డులో పని ముగియకముందే ఉస్తాదును అడిగి, సైకిలు తీసుకుని రాజుపాలెం దారి పట్టాను. ఆ పల్లె కనుక్కుని, ఆ ఇల్లు కనుక్కుని, వాకిట్లో నిలబడ్డాను. ఏం పని మీద వచ్చావని అడిగితే వ్యాను మెకానిక్కునని చెప్పాను. ఒక ముసలామె లోపలికి పోయి గుడ్డలో చుట్టిన బిడ్డను తెచ్చి చూపించింది. గుప్పిళ్ళు బిగించి నిద్రపోతోంది.

మంగళవారం పొద్దున బస్టాండుకు పోయి పులివెందుల బస్సు కండక్టరును పట్టుకున్నాను. ఊరు చెప్పాను, ఇల్లు గుర్తులు చెప్పాను. ఆ ఊరివాళ్ళు ఎవరెక్కినా వాళ్ళతో ఒక కబురు పంపమన్నాను.

"ఏం చెప్పాలప్పా?" అన్నాడు.

"ఆడబిడ్డ అని చెప్పు. తల్లీ బిడ్డా బాగుండారని చెప్పు."

"ఎవరి బిడ్డ? నీ బిడ్డనా?"

"కాదు. ఆయమ్మ అడిగింది, అంతే" అన్నాను.